ఈతబంద గ్రౌండు కొలత

ఈతబంద,
బుచ్చయ్యపేట మండలం.
జూలై 11.

బావ ఎల్లారావుకి ఎర్రయ్య రాయునది.

ముందుగా నా రాతకి క్షమించాలి. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. అక్షరాలు వాన నీళ్ళలో చీమల్లా ఎటు పోతున్నాయో నాకే తెలియదు. నీకు చదివి వినిపించే మీ కోడలు లోవలక్ష్మి కాస్త సర్దుకోవాలి. ఫోన్ చేస్తే నీకు వినపడదు. ఉత్తరమైతే రెండోసారి చదివించుకోవచ్చు.

నీ మనవరాలు ఇందు బాగుంది. హాస్టల్లో అన్నం బాగానే పెడుతున్నారు. ఆదివారం మా ఇంటికి వచ్చింది. చేపల పులుసు లేదని మా ఇంటావిడ తలుపులమ్మ మీద అలిగింది. తర్వాత నాలుగు సార్లు అన్నం పెట్టించుకుంది.

రాయవలసిన సంగతి వేరే ఉంది. మా హైస్కూలుకి జూన్ లో కొత్త ఆటల టీచరు వచ్చింది. పేరు కుమారి. ఇదివరకు ఆటల పీరియడ్ అంటే లెక్కల మాస్టారు వచ్చి లెక్కలే చెప్పేవాడు. మన కాలంలో డ్రిల్లు అంటే ఎండలో నిలబడటం. ఈ మేడమ్ అలా కాదు. వచ్చిన వారానికే గ్రౌండులో తుప్పలు కొట్టించింది. తర్వాత మా ఇంటికి వచ్చింది.

"తాతగారూ, ఊళ్ళో కొలతంటే మీరేనట కదా. నాకు రెండు వందల మీటర్ల రౌండు కావాలి. స్కూలు టేపు ఏడు మీటర్ల దగ్గర తెగిపోయింది" అంది.

నేను తల ఊపాను. ఆడవాళ్ళు ఎదురుగా వచ్చి అడిగితే నాకు మాట రాదని నీకు తెలుసు. నన్ను ఈ ఊళ్ళో తాడెర్రయ్య అంటారు. నలభై ఏళ్ళుగా అన్నదమ్ములు పొలాలు పంచుకుంటే నా తాడే పడాలి. పాత కొబ్బరి తాడు చెదలు తిన్నాక నాలుగేళ్ళ కిందట నువ్వు ఇచ్చిన నైలాన్ తాడు ఇప్పుడు నా కొలత తాడు. ఇరవై మీటర్లు. రెండేసి మీటర్లకి ఒక ముడి. ముడులు వేసిన రోజున మండలం సర్వేయరు గొలుసు పక్కనే పెట్టి సరిచూసుకున్నాను.

మధ్యలో మేకు పాతి, ఒక తాడూ ఇంకో ఆరు ముడుల దూరంలో గుర్తులు పెట్టుకుంటూ గానుగెద్దులా చుట్టూ తిరిగాను. ఆ అంచు మీద మళ్ళీ తాడు వేసి పది తాళ్ళు లెక్కపెట్టాం. పిల్లలు వెనకాలే సున్నం పోసుకుంటూ వచ్చారు. సాయంత్రానికి ఎర్రమట్టి మీద తెల్లటి చుట్టు తయారైంది.

తర్వాత నలభై మంది ఆడపిల్లలు దాని మీద పరిగెత్తారు. బావా, నేను దూడలు పరిగెత్తడం చూశాను. వరద రావడం చూశాను. ఆడపిల్లలు అలా ఒక్కసారిగా కదలడం ఎప్పుడూ చూడలేదు. నేల నా అరికాళ్ళ కింద అదిరింది. చెప్పులు విడిచేశాను. ఎందుకు విడిచానో తెలియదు.

ఆ తర్వాత మేడమ్ అందరినీ మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టుకోమంది. గుండె ఎన్ని సార్లు కొడుతుందో నిమిషం లెక్కపెట్టమంది. నాకు కూడా చూపించింది. నాది డెబ్భై నాలుగు. డెబ్భై రెండేళ్ళుగా నాలో అది కొట్టుకుంటూనే ఉంది. ఒక్కసారైనా లెక్కపెట్టలేదు. అందరి గొర్రెలనీ లెక్కపెట్టాను గానీ.

ఇందు గుండె నూట ఎనభై దాకా వెళ్ళి, రెండు నిమిషాల్లో నూటికి దిగిపోయింది. మేడమ్ రెండోసారి లెక్కపెట్టింది. "ఈ పిల్ల ఎవరు?" అని నన్ను అడిగింది. "మా ఎల్లారావు మనవరాలు" అన్నాను. అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

ఎర్రయ్య


పూడిమడక.
జూలై 24.

ఎర్రయ్య బావకి ఎల్లారావు చెప్పి రాయించేది. రాసేది లోవలక్ష్మి.

నీ ఉత్తరం అందింది. మా కోడలు నా చెవిలో చదివింది. చెవిలో అంటే వీధిలో అనుకో. అది గొంతెత్తి చదువుతుంటే వలలు బాగుచేసుకునే వాళ్ళంతా చేతులాపి విన్నారు. గుండె సంగతి వచ్చేసరికి అందరూ మెడల మీద వేళ్ళు పెట్టుకున్నారు. ఒకడికి తొంభై వచ్చిందట, భయపడి మంచమెక్కాడు. ఇంకొకడికి అసలు దొరకలేదట. వాడి పెళ్ళాం "నాకు ముందే తెలుసు" అంది. నువ్వు ఏం రాసినా ఇక్కడ వీధంతా వింటారు బావా, చూసి రాయి.

నా మనవరాలి గుండె అలా దిగిందంటే దానికి కారణం నేను. ఐదేళ్ళప్పుడే అలల్లోకి తోసేవాణ్ణి. (మామయ్య ఇక్కడ నవ్వుతున్నాడు. తోసింది ఆయన కాదు, ఇందు వాళ్ళ నాన్న.)

చెప్పులు ఎందుకు విడిచావని వీధిలో వాళ్ళు అడుగుతున్నారు. నేను చెప్పాను, మా బావ అంతే అని. బెల్లం బండి తోలుకుని మొదటిసారి మా ఊరు వచ్చినప్పుడు కూడా సముద్రాన్ని చూసి చెప్పులు విడిచాడని చెప్పాను. అవి అల ఎత్తుకుపోయిందని కూడా చెప్పాను.

ఎల్లారావు

పెదనాన్నా, ఇక్కడి నుంచి నా మాట. ఇది మామయ్యకి చదవను. ఇందు తొమ్మిదో తరగతికి వచ్చింది. మా ఆయన బోటు మీద వెళితే పది రోజులకి గానీ రాడు. పొద్దున్నే చేపల గంప ఎత్తుకుని ఒక్కదాన్నే తిరుగుతున్నాను. నా మెడ ఎడమవైపుకి తిరగడం మానేసింది. చేతికింద ఒక మనిషి కావాలి. కుమారి మేడమ్ నాతో ఫోన్లో మాట్లాడింది. క్రీడా పాఠశాలకి పిల్లల్ని ఎంచుతారట, అందులో సీటొస్తే ఇంటర్ దాకా అక్కడే చదువూ తిండీ చూస్తారట. సీటు దాకా వెళ్తే నేను అడ్డు చెప్పను. పేరు పంపడానికే టైము చాలకపోతే మాత్రం దసరా సెలవులకి వచ్చి తీసుకెళ్ళిపోతాను. ఇది కోపంతో రాయడం లేదు.

లోవలక్ష్మి


ఈతబంద.
ఆగస్టు 19.

బావకి, అమ్మ లోవలక్ష్మికి.

రాయడం ఆలస్యమైంది. చెప్పడానికి మంచి కబురు ఉంటే రాద్దామని ఆగాను.

ఎనిమిది వందల మీటర్లు అంటే మా గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. ఇందు వయసు పిల్ల దాన్ని రెండు నిమిషాల నలభై ఐదు సెకన్లలో పరిగెడితేనే మేడమ్ పేరు పంపగలదు. అది పైవాళ్ళు పెట్టిన లెక్క. ఇందుకి మొదటిసారి రెండు నిమిషాల యాభై రెండు వచ్చింది. తర్వాత యాభై. తర్వాత కూడా యాభై. ఆ ఐదు సెకన్లు తరగడం లేదు.

నేను రోజూ సాయంత్రం వెళ్తున్నాను. సున్నం గీత చెరిగిన చోట మళ్ళీ పోస్తాను. నా పని అదే. నిన్న జల్లు పడుతుంటే కూడా ఆ పిల్ల పరిగెత్తింది. మూడో రౌండులో ముఖం చూస్తే ఎవరినో వెతుకుతున్నట్టు ఉంటుంది. పక్కనే ఉన్న నన్ను చూడదు. కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ చూపు ఇక్కడ ఉండదు. మా నాన్న దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు ముఖం అలా ఉండేది. చదువు చెప్పే చోట ఇది కూడా నేర్పుతారని నాకు తెలియదు బావా.

ఇందు ఒక్కతే కాదు. ఎవరికీ టైము రావడం లేదు. మేడమ్ పుస్తకంలో అందరి పేర్ల పక్కనా ఎర్ర గీతలే. ఎనిమిదో తరగతి హాసిని అయితే ఎప్పుడూ ఆఖరు. ఏడుస్తూ పరిగెడుతుంది గానీ ఆగదు. మేడమ్ నిన్న పిల్లల మీద కేకలేసింది. తర్వాత నాతో అంది: "తాతగారూ, దమ్ముంది, కాళ్ళు పడుతున్నాయి. వాచీ మాత్రం ఒప్పుకోవటం లేదు. నేను నేర్పడంలోనే ఏదో తప్పుంది."

ఇందుని అడిగాను, ఎక్కడ ఇబ్బందని.

"తాతా, ఆకరి రౌండులో గీత వచ్చేసిందని ఒళ్ళు అనుకుంతాది. తలెత్తి సూత్తే ఇంకా అక్కడెక్కడో ఉంతాది. రోజూ అంతే" అంది.

నాకు అర్థం కాలేదు. వేరుశనగలూ బెల్లమూ పెట్టి పంపించాను.

సెప్టెంబరు ఇరవై రెండున జాబితా వెళ్ళిపోతుంది. అదే రోజు సెలవులు ఇస్తారు. ఇంకా నెల ఉంది. లోవా, నెల చాలా రోజులమ్మా.

ఎర్రయ్య


పూడిమడక.
సెప్టెంబరు 1.

బావా,

మా కోడలు ఈసారి నెమ్మదిగా చదివింది. వీధి వాళ్ళు "ఇంకా ఐదు సెకన్లేనా" అంటున్నారు. వాళ్ళకేం తెలుసు? ఐదు సెకన్ల ముందు వచ్చిన అల పడవని ఒడ్డెక్కిస్తుంది, వెనక వచ్చింది బోల్తా కొడుతుంది. పిల్లతో చెప్పు, తాత నీ మీద అలగలేదని. చాలకపోతే చాలలేదు. మన వాళ్ళలో ఎవరు పరిగెత్తారు గనక. ఇసకలో పరిగెత్తడమే మాకు తెలిసింది, అందులో ఎవడూ గడియారం పెట్టుకోడు.

ఎల్లారావు

పెదనాన్నా, ఇరవై రెండున నేను వస్తున్నాను. హాస్టల్ వార్డెన్ గారికి చెప్పి ఉంచండి. దాని పెట్టె కట్టించి ఉంచండి. మీరు దాని కోసం రోజూ గ్రౌండుకి వెళ్ళారు, అది నేను మరిచిపోను.

లోవలక్ష్మి


ఈతబంద.
సెప్టెంబరు 6.

బావ ఎల్లారావుకి.

అందరం బాగున్నాం. ఇందు బాగుంది.

ఒక చిన్న సంగతి. నాలుగేళ్ళ కిందట నువ్వు ఇచ్చిన తాడు. అది అప్పుడు కొత్తదా, వాడినదా? దాని గుణం ఎలాంటిది? ఊరికే అడుగుతున్నాను. చెరకు లోడు కట్టడానికి అలాంటిదే ఇంకొకటి కావాలి. ఈ వారం లోడు వేయాలి.

లోవా, పెట్టె అప్పుడే కట్టించమనవద్దు. ఎందుకని అడగవద్దు.

వానలు బాగా పడుతున్నాయి. ఇంకేమీ విశేషాలు లేవు. నేను అన్నం సరిగ్గా తినడం లేదని తలుపులమ్మ అంటుంది. వయసు.

ఎర్రయ్య


పూడిమడక.
సెప్టెంబరు 10.

బావా,

అబద్ధం రాయడం నీకు చేతకాదు. సెప్టెంబరులో చెరకు ఎవడు నరుకుతాడు? నేను సముద్రం వాణ్ణే గానీ, ముప్పై ఏళ్ళు నీ బెల్లం తిన్నవాణ్ణి. గానుగ ఎప్పుడు మొదలవుతుందో నాకు తెలుసు. ఈ ముక్క చదవగానే వీధిలో అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఏమైంది మా ఎర్రయ్యకి అన్నారు.

తాడు సంగతి చెబుతాను విను. నీకు ఇచ్చినప్పుడు అది కొత్తది. నైలాన్ తాడుకి ప్రాణం ఉంటుంది బావా. బరువు కట్టి లాగితే సాగుతుంది, వదిలేస్తే కొంత వెనక్కి వస్తుంది, అంతా రాదు. ఏడాదికి కొంచెం ఎదుగుతూనే ఉంటుంది. లంగరుకి అది మంచిది, అల కొట్టినప్పుడు తెగకుండా సాగుతుంది. మేం దానితో పడవ కడతాం గానీ ఏదీ కొలవం. ఇక్కడ చిన్న గుంటడికి కూడా తెలుసు ఆ సంగతి. నువ్వు కొలతకి వాడతావని నాకు తెలిస్తే ఇచ్చేవాణ్ణే కాదు. లోడు కట్టుకోడానికి అన్నావు అప్పుడు.

ఎందుకు అడిగావు?

ఎల్లారావు

పెదనాన్నా, మామయ్య పడుకున్నాడు. ఇది నేను రాస్తున్నాను. మీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. గ్రౌండు దేనితో కొలిచారో అందులో మీరే రాశారు. తర్వాత ఆగస్టు ఉత్తరం తీశాను. గీత ఎప్పుడూ ఇంకా దూరంగా ఉంటుందని నా కూతురు మీతో చెప్పింది.

ఒక్కటే అడుగుతున్నాను. నా కూతురు రోజూ పరిగెడుతున్నది ఎంత దూరం?

లోవలక్ష్మి


ఈతబంద.
సెప్టెంబరు 16.

అమ్మ లోవలక్ష్మికి పెదనాన్న రాయునది. బావకి కూడా.

నీ ప్రశ్నకి జవాబు ముందు రాస్తున్నాను. రౌండుకి రెండు వందల పన్నెండు మీటర్లు. నాలుగు రౌండ్లకి నలభై ఎనిమిది మీటర్లు ఎక్కువ. జూలై నుంచి ప్రతిరోజూ.

ఇది నాకు సెప్టెంబరు నాలుగునే తెలుసు. తొమ్మిది రోజులు దాచాను. ఎలా తెలిసిందో, ఎందుకు దాచానో రాస్తాను. గట్టిగానే చదువు. వీధంతా విననీ.

మా పక్కింటి పునాదికి తాపీ మేస్త్రీ దేముడు వచ్చాడు. గోడ వరసకి నా తాడు అడిగాడు. ఇచ్చాను. తన ఇనుప టేపు పక్కన పరిచి చూశాడు. మళ్ళీ చూశాడు.

"తాతా, నీ తాడు ఇరవై కాదు. ఇరవై ఒకటీ ఇరవై సెంటీమీటర్లు" అన్నాడు.

"నీ టేపు తప్పురా" అన్నాను.

"ఇనుం ఎదగదు తాతా. నీ తాడే సద్దన్నం తిని ఎదిగిపోనాది" అని నవ్వాడు.

నేను కూడా నవ్వాను. ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నాను. నాలుగు సీజన్లు ఆ తాడుతోనే చెరకు లోడు కట్టి, ట్రాక్టరు మీద కాళ్ళు తన్నిపెట్టి బిగించాను. మళ్ళీ దాన్నే భుజాన వేసుకుని పొలాలు కొలవడానికి వెళ్ళాను. కట్టే తాడు వేరు, కొలిచే తాడు వేరు అని మా నాన్న చెప్పేవాడు. నైలాన్ కదా, చెదలు పట్టదు కదా అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

ఇందు మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిల్ల ఒళ్ళు నిజం చెప్పింది. నా తాడే అబద్ధం చెప్పింది.

వెంటనే మేడమ్ దగ్గరికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. మా ఊళ్ళో పరదేశి, అప్పారావు అని అన్నదమ్ములు ఉన్నారు. ఎకరం చెరకు భూమి కోసం మూడేళ్ళు మాటల్లేకుండా ఉన్నారు. రెండేళ్ళ కిందట ఈ తాడే వేసి పంచాను. ఆ రోజు ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. తాడు తప్పని తెలిస్తే మళ్ళీ కత్తులు తీస్తారేమో అని భయపడ్డాను. వాళ్ళిద్దరే కాదు, ఈ నాలుగేళ్ళలో పదకొండు ఇళ్ళు ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది. తాడెర్రయ్య అన్న పేరు తప్ప నాకు ఈ ఊళ్ళో వేరే పేరు లేదు.

నీ ప్రశ్న పన్నెండో తారీకు సాయంత్రం చేరింది. ఒక్క ముక్కే అడిగావు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంకా రెండు రోజులు దాచేవాణ్ణేమో.

పదమూడున తాడు చుట్ట చుట్టుకుని స్టాఫ్ రూమ్ కి వెళ్ళాను. తాడు బల్ల మీద పెట్టాను. "తప్పు" అన్నాను. అంతే వచ్చింది. మెల్లగా అడిగి అడిగి మేడమే అంతా తెలుసుకుంది. విని కింద కూర్చుండిపోయింది. కుర్చీ పక్కనే ఉంది, అయినా నేల మీద కూర్చుంది.

"పిల్లల్ని తిట్టేను తాతగారూ. రెండు నెలలు తిట్టేను" అంది.

తర్వాత లేచి, అందరి ఎదుటా కొలుద్దామంది. నేను సరేనన్నాను. ఏం సరేనన్నానో గేటు దాటాక తెలిసింది.

దేముడు టేపు తెచ్చాడు. మూడు వందల మంది పిల్లలు చుట్టూ నిలబడ్డారు. గ్రౌండు పక్కనే చెరకు తోట కనక పరదేశీ అప్పారావూ కూడా గట్టు దిగి వచ్చారు. నన్ను మైకులో చెప్పమన్నారు. నేను మైకు ముట్టుకోలేదు. తాడు నేల మీద చాచి పరిచాను. దాని పక్కన టేపు పరిచాడు దేముడు. అందరూ వంగి చూశారు. తాడు కొస టేపు ఇరవై దాటి వెళ్ళిపోయింది, పెద్ద అంగన్నర.

పరదేశికి ముందు అర్థమైంది.

"ఓరి తాడెర్రయ్యా! మా నాన్న బూమిని కూడా ఈ పాముతోనే కొలిసేవేటి?" అన్నాడు.

అవునని తలూపాను.

అప్పారావు అన్నని చూసి, "నీ వైపు ఎదిగిన తాడు నా వైపు ఎదగలేదేటి? ఇద్దరికీ ఒకటే తాడు కదా. సమంగానే ఎదిగుంతాది. ఎల్లి తోటలో నీళ్ళు కట్టు" అన్నాడు.

పరదేశి వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. మళ్ళీ లెక్కేసుకున్నాడు. "అవును గదేటి" అన్నాడు.

పిల్లలు గొల్లుమన్నారు. బావా, నేను తొమ్మిది రోజులు అన్నం మానేసి భయపడిన సంగతి అంతే. ఒక తాడుతో ఇద్దరికి పంచితే తాడు ఎంత తప్పైనా వాటా తప్పదు. ఇంత చిన్న లెక్క నాకు తట్టలేదు. కానీ పరుగు పంపకం కాదు. ఎక్కడో పట్నంలో పరిగెత్తిన పిల్ల కాలంతో మన పిల్ల కాలాన్ని సరిచూస్తారు. అక్కడ మీటరు మీటరే అవ్వాలి.

అప్పుడు మేడమ్ తన పుస్తకం తెచ్చింది. అక్కడే నల్లబల్ల పెట్టించి, ఒక్కొక్క పేరే చదివి, నలభై ఎనిమిది మీటర్లు తీసేసి కొత్త లెక్క రాయడం మొదలుపెట్టింది. మొదట పిల్లలు గోల చేశారు. నాలుగు పేర్లయ్యాక అందరూ నల్లబల్ల దగ్గరికి జరిగారు. ప్రతి పేరూ అనుకున్నదాని కంటే పెద్దదవుతోంది. ఎర్ర గీతలు ఒక్కొక్కటే కొట్టేస్తోంది. తప్పు చేసింది నేను. దాన్ని రోజూ మోసింది వాళ్ళు. మోస్తున్నామని కూడా వాళ్ళకి తెలియదు.

ఎప్పుడూ ఆఖరున వచ్చే హాసిని వెనక నుంచి చెయ్యెత్తింది.

"మేడమ్, మరి నేనో?"

"నువ్వు కూడానే తల్లీ" అంది మేడమ్.

నిన్న దేముడి టేపుతో కొత్త రౌండు వేశాం. సున్నం నేనే పోశాను, నన్ను వద్దనలేదు. సాయంత్రం ఇందు పరిగెత్తింది. లెక్కలో వచ్చిన టైము చాలదు, సరైన గ్రౌండు మీద పరిగెత్తి చూపిస్తేనే పేరు రాస్తానంది మేడమ్. నాకు అది న్యాయంగా అనిపించింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. నా దగ్గర మాటలు తక్కువ. మొదటి రౌండు ఎప్పటిలాగే. రెండో రౌండులో పిల్లలు అరవడం మొదలుపెట్టారు. మూడో రౌండులో ఆ పిల్ల ముఖం అలాగే అయింది, చూపు ఇక్కడ లేకుండా. నాలుగో రౌండులో అరుపులు ఆగిపోయాయి. దాని పాదాల చప్పుడు ఒక్కటే వినపడింది. తడి మట్టి మీద వట్టి కాళ్ళు. ఒక్క అడుగు తేడా లేదు. అన్నేళ్ళు తాడు పట్టిన వాణ్ణి, అంత సరిగ్గా నేను ఒక్క గజం కూడా కొలవలేదు.

గీత దాటింది. మేడమ్ వాచీ నొక్కింది.

కానీ ఇందు ఆగలేదు. అదే జోరుతో వెళ్ళిపోయింది. ఇంకా ఉందనుకుంది. రెండు నెలలు అలవాటు పడ్డ కాళ్ళు కదా. "ఆగవే, అయిపోనాది!" అని మేడమ్ అరిచింది. "అయిపోనాదే ఇందూ!" అని మూడు వందల మందీ అరిచారు. అది వినలేదు. నలభై, యాభై మీటర్లు పోయాక వెనక ఎవరూ లేరని చూసి నిలబడింది. తిరిగి మా వైపు చూసింది. ఏం తప్పు చేశానా అన్నట్టు చూసింది.

రెండు నిమిషాల ముప్పై తొమ్మిది.

మళ్ళీ చెప్పులు విడిచేశానా అని అడగవద్దు బావా. నేను కింద కూర్చున్నాను. అప్పారావు నన్ను లేపి నిలబెట్టాడు.

ఇందు నా దగ్గరికి వచ్చింది. దానికి చెమటలు కారుతున్నాయి. నేను క్షమించమని అడగాలనుకున్నాను. మనవరాలి వయసు పిల్లని ఎలా అడగాలో తెలియలేదు. "నా తాడు వల్ల నువ్వు ఊరికే ఎంత పరిగెట్టేవో" అన్నాను.

"ఊరికే ఏటి తాతా, ఆ ఎక్కువంతా నాకే కదా ఉండిపోనాది" అంది. అని హాసినితో కలిసి వెళ్ళిపోయింది, నీళ్ళ కోసం.

తాడు ఇక కొలతకి పనికిరాదు. అందరికీ చెప్పేశాను, ఇక నన్ను పిలవవద్దని. మిగతా తొమ్మిది ఇళ్ళకీ కూడా వెళ్ళి చెప్పాను. ఒకరిద్దరు గొణిగారు. మిగతా వాళ్ళు టీ ఇచ్చారు. దేముడు కొత్త టేపు కొనుక్కుని పాతది బడికి ఇచ్చేశాడు.

లోవా, ఇప్పుడు ఆపు. ఇక్కడి నుంచి గట్టిగా చదవవద్దు. ఇది నీకొక్కదానికే.

ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితం మడిచి పెట్టాను. అది తల్లి ఒప్పుకోలు కాగితం. మేడమ్ ఇందు పేరు జాబితాలో మొదట రాసింది. వచ్చే నెల అనకాపల్లిలో ఎంపిక పరుగులు. సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. అక్కడికి జిల్లా అంతా వస్తారు. రాకపోతే నువ్వు అన్నట్టే తీసుకెళ్ళు, నేను మాట్లాడను. నీ మెడ నొప్పి నాకు తెలుసు. గంప బరువు నేను మోయలేదు, మోసిన దానివి నువ్వు. ఒక మనిషి రోజూ ఎంత ఎక్కువ మోస్తుందో చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియదని ఈ నెలలోనే నాకు తెలిసింది. అందుకని సంతకం పెట్టమని నేను బలవంతం చేయను. కానీ టైము చాలకపోతే అని కదా నువ్వు అన్నావు. చాలింది తల్లీ. ఆరు సెకన్లు మిగిలాయి కూడా.

కింద గీత ఉన్న చోట నీ పేరు రాయాలి. ఆ గీత నేను గీసింది కాదు, అచ్చులోనే ఉంది.

కాగితం ఇరవై రెండు సాయంత్రానికి మేడమ్ చేతిలో ఉండాలి. పోస్టు మీద నమ్మకం లేకపోతే నువ్వే బస్సెక్కి వచ్చెయ్యి, బావని కూడా తీసుకురా. ఆ రోజు ఇందు పరిగెడుతుంది. వచ్చేది ఉత్తరమో మీరో నాకు తెలియాలి. ఈ అడ్డదిడ్డపు అక్షరాలు చదివినందుకు ఏమీ అనుకోకుండా, అందిన రోజునే రెండు ముక్కలు రాయండి.

ఎర్రయ్య